రేపు డ్యూటీ ఉందా?

పోయినవారం కండక్టరమ్మని ఖాళీ కుర్చీల ముందు, చేతిలో మైకుతో నిలబెట్టి వచ్చేశాం. మర్యాద కాదు, కానీ పేజీ అయిపోయింది.

మధ్యలో ఎక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఆమె పార్టీ గుర్తు గోడ మీద గీస్తే చాలు, ఓట్లు వాటంతటవే పడేవి. వరసగా రెండు ఎన్నికల్లో బోల్తా కొట్టాక ఇప్పుడు ఉప ఎన్నిక వచ్చింది. ఏళ్ళ తరబడి సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషికి పార్టీ టికెట్ దొరికిందన్న జోకుని ఊరంతా వాడి వాడి అరగదీసింది కాబట్టి మనం వదిలేద్దాం. ఆ టికెట్ ఇప్పించింది ఆమె బావగారు, అంటే సొంత అక్క భర్త. పార్టీకి ఈ ఊరి అధ్యక్షుడు. చిన్నతనంలోనే తండ్రి పోతే ఆమెని ఇంట్లో పెట్టుకుని చదివించిందీ, బస్సులో ఉద్యోగం వేయించిందీ ఆయనే. 'పదివేల కొత్త ఉద్యోగాలు' అని వీధి అడ్డంగా బ్యానరు కట్టి ఆదివారం మొదటి సభ పెట్టారు. తప్పకుండా వస్తామని ఇంటింటా మాటిచ్చిన గోదాముల వీధి నుంచి ఒక్క పురుగు రాలేదు. ఎదుటి పార్టీ కొనేసిందన్నారు బావగారు. జనం మనల్ని మర్చిపోయారన్నారు కార్యకర్తలు. కండక్టరమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఎవరికో మూడిందన్నమాట.

మర్నాడు పొద్దున పార్టీ ఆఫీసులో శాతాలబాబు ల్యాప్‌టాప్ తెరిచాడు. పార్టీ పెద్దలు రాజధాని నుంచి పంపిన సలహాదారు ఇతను. టీ ఇస్తే, పొద్దున టీ తాగేవాళ్ళు నూటికి ఎంతమందో చెప్పి గానీ తాగడు. పేరు అలా స్థిరపడింది. కుర్రవాడు మంచివాడే, కష్టపడతాడు.

"మేడమ్, మన సందేశంలో లోపం లేదు. ఆర్థికాంశమే మన ఆయుధం. నూటికి డెబ్బైమంది తమ మొదటి సమస్య బతుకుతెరువు అన్నారు. బతుకుతెరువు అంటే ఉద్యోగం. అందుకే పదివేల ఉద్యోగాలు."

"ఈ ఊళ్ళో పని లేనివాళ్ళు ఎంతమంది బాబూ?"

శాతాలబాబు తెర మీద వెతికాడు. "నూటికి ఇద్దరు" అన్నాడు, గొంతు కాస్త తగ్గించి.

"అంటే మిగతా అందరికీ పని ఉంది."

"ఉంది మేడమ్. కొందరికి రెండేసి ఉన్నాయి."

"మరి మన పదివేల ఉద్యోగాలూ ఎవరు చేస్తారు? నువ్వూ నేనూనా?"

"అంటే... వినడానికి పెద్ద అంకె మేడమ్. పెద్ద అంకెకి ఒక ఊపు ఉంటుంది."

"బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు 'రండి రండి, సీట్లున్నాయి' అని అరిచిన కండక్టర్ని జనం ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు మేడమ్?"

"పార్టీ ఆఫీసులో అనే మాట కాదులే" అని చెప్పులు తొడుక్కుంది.

ఆమె ఏదో నేర్చుకుందామని వెళ్ళలేదు. పోట్లాడదామనే వెళ్ళింది. మాటిచ్చి తప్పినవాళ్ళని మొహం మీదే అడిగేస్తే గానీ ఆమెకి అన్నం అరగదు. బస్సులో టికెట్ లేకుండా దిగిపోబోయిన పెద్దమనుషుల్ని కూడా అలాగే అడిగేది.

గోదాముల వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు రెండేసి గదులు. వెనకాల రేకుల కప్పుల గోదాములు. లారీలు వెనక్కి వస్తూ కూసే కూత పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంటుంది. ఆ వీధిలో ఒక చిత్రం ఉంది. ఎవరి ఫోనూ జేబులో ఉండదు. కిటికీ గట్టు మీదో, పొయ్యి పక్కనో, బట్టలుతికే బండ మీదో, తెర పైకి కనబడేలా పెట్టి ఉంటుంది. మాట్లాడుతున్నా, అంట్లు తోముతున్నా అందరి కళ్ళూ ఓసారి దాని మీదకి వెళ్ళి వస్తుంటాయి. కండక్టరమ్మ ఇంతకుముందు ఓట్లడగడానికి వచ్చినప్పుడు ఇది గమనించలేదు. ఓట్లడిగేవాళ్ళకి మొహాలు తప్ప ఏమీ కనబడవు.

పెద్దగోదాములో ప్యాకింగు చేసే ఆవిడ మొదటి గుమ్మంలో దొరికింది. సభకి వస్తానని చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పిన మనిషి.

"మాటిచ్చి రాలేదేం?"

ప్యాకింగావిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నిజంగా వద్దామనే ఉన్నానమ్మా. పిల్లకి జడ కూడా వేశాను. మూడింటికి మెసేజీ వచ్చింది, నాలుగింటికి డ్యూటీ అని."

"రానని చెప్పలేకపోయావా?"

"ఒకసారి రాననండి, చూద్దురుగాని. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో దేవుడికే తెలియాలి."

"సరే పోనీ. వచ్చే ఆదివారం..."

"కండక్టరమ్మా, వచ్చే ఆదివారం సంగతి నన్నడక్కండి. రేపటి సంగతే నాకు తెలీదు. మా తమ్ముడి పెళ్ళికి కూడా 'వస్తే వస్తాను' అని చెప్పాను. సొంత అక్క అనే మాటేనా అది? వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు." ఆవిడ కళ్ళు ఓసారి ఫోను మీదకి వెళ్ళి వచ్చాయి. "పొద్దున రమ్మంటారు. అన్నం కట్టుకుని గేటు దాకా వెళ్తే 'లారీ రాలేదు, పొండి' అంటారు. ఇంకో పని ఒప్పుకుందామా అంటే, ఒప్పుకున్న గంటకి ఇక్కణ్ణుంచి పిలుపు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. మీరేమో పదివేల ఉద్యోగాలు అంటున్నారు. ఇట్లాంటివేనా తల్లీ? ఉన్నవాటితోనే ఛస్తున్నాం."

"అందుకని ఎదుటి పార్టీకేశారా ఓటు? వాళ్ళేం చేశారు మీకు?"

"ఏం చెయ్యలేదు. కానీ ఏదో చేసేశామని మా నెత్తినెక్కి అరవలేదు."

పోట్లాడదామని తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో కండక్టరమ్మకి తెలియలేదు. పక్క ఇంటికి వెళ్ళింది. ఓటు అడగలేదు, పార్టీ పేరెత్తలేదు. ఒక్కటే అడిగింది. "రేపు డ్యూటీ ఉందా?"

"ఏమో."

ఆ పక్కింట్లోనూ ఏమో. ఎదురింట్లోనూ ఏమో. పన్ను నొప్పితో ఒకవైపు బుగ్గ పొంగిన లోడింగు మనిషి, రేపటికి డాక్టరు దగ్గర పేరు రాయించుకోవడానికి ధైర్యం చాలక లవంగం నములుతూ కూర్చున్నాడు. "రమ్మన్న టైముకి డ్యూటీ పడితే?" అన్నాడు. వీధి చివరిదాకా వెళ్ళేసరికి ఆమెకి ఒక సంగతి స్పష్టమైంది. ఇది పని లేని వీధి కాదు. రేపు అనేది లేని వీధి. రేపటి సంగతే చేతిలో లేనివాళ్ళ దగ్గరికి వచ్చి అయిదేళ్ళ సంగతి చెబుతున్నారు తామంతా. ఎవరు వింటారు?

వెనక్కి వచ్చి ప్యాకింగావిణ్ణి ఆదివారం నాటి మెసేజీ చూపించమంది. చూసింది. కింద ఏజెన్సీ పేరు ఉంది. గోదాములకి మనుషుల్ని పంపే ఏజెన్సీ. బావగారి ఏజెన్సీ.

బావగారికి ఏజెన్సీ ఉందని ఆమెకి తెలియకపోవడమేం? ఆ ఏజెన్సీ అన్నం తినే పెరిగింది. అయితే ఆ మెసేజీలు ఎవరి కిటికీ గట్టు మీద పడతాయో, పడ్డాక ఆ ఇంట్లో ఏమవుతుందో ఏనాడూ ఆలోచించలేదు. అధ్యక్షులవారు అయిదింటికి సభ పెట్టారు. అదే అధ్యక్షులవారి ఏజెన్సీ మూడింటికి మెసేజీ పెట్టి, సభకి రావలసిన వీధినంతా నాలుగింటికి డ్యూటీకి తోలేసింది. కంచే చేను మేసింది. మేసిన సంగతి కంచెకి కూడా తెలియదు.

నవ్వొచ్చే సంగతే. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. ఇక ఎవరితో పోట్లాడాలో తెలిసిపోయింది.

ఏజెన్సీ ఆఫీసు మేడ మీద. అద్దాల తలుపు, తాగే నీళ్ళ డబ్బా, గోడకి క్యాలెండరు. మూల కంప్యూటరు ముందు అక్క కూర్చుని ఉంది. బావగారు కొత్త పోస్టరు బల్ల మీద పరిచి మురిసిపోతున్నారు.

"రా అమ్మాయ్, చూడు. ఎంత బాగా నవ్వావో! ఇన్నేళ్ళలో నువ్వు ఇలా నవ్వడం నేను చూడలేదు."

"బావగారూ, ఆదివారం మన సభ ఎన్నింటికి?"

"అయిదింటికి. ఏం?"

"గోదాముల వీధికి డ్యూటీ మెసేజీ ఎన్నింటికి వెళ్ళింది?"

"అవన్నీ నేనెక్కడ చూస్తాను? సిస్టమ్ పంపుతుంది."

సిస్టమ్ అంటే అక్క. గోదాములవాళ్ళు ఫోన్ చేసి ఇంతమంది కావాలంటారు, బావగారు సరేనంటారు, అక్క మీట నొక్కుతుంది. అక్క తల ఎత్తలేదు.

"మూడింటికి వెళ్ళింది. నాలుగింటికి డ్యూటీ. మన సభని ఎదుటి పార్టీ కొనలేదు బావగారూ. మీరే ఖాళీ చేయించారు."

బావగారు కాసేపు పోస్టరు వంకే చూశారు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట నేను మళ్ళీ మళ్ళీ చెప్పవలసి వస్తోంది. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డారు. "అరెరే" అన్నారు. "ఆదివారం అనుకోకుండా లారీలు ఎక్కువొచ్చాయి. నేనే సరే పంపమన్నాను. నా బుర్రకి తట్టనే లేదు." తర్వాత తేరుకుని, "సరే, అయిందేదో అయింది. రేపు సాయంత్రం సభకి ముందు ఎవరినీ పిలవొద్దని చెప్తాలే" అన్నారు.

"రేపొక్కరోజు కాదు. బ్యానరే మార్చేద్దాం. 'డ్యూటీ వారం ముందు చెప్పాలి. రమ్మని పిలిచి గేటు దగ్గర వెనక్కి పంపితే సగం కూలి ఇవ్వాలి.' గెలిస్తే ఇది చట్టం చేయిస్తామని చెబుదాం. పదివేలూ వద్దు, లక్షా వద్దు. ఈ రెండు ముక్కలు చాలు. ఆ వీధి మనది అవుతుంది."

బావగారి మొహంలో రంగు మారింది. "నా డబ్బుతో, నా వ్యాపారం మీదే బ్యానరు కట్టమంటావు."

"మీ మీద కాదు."

"మరెవరి మీద? గోదాములవాళ్ళని వారం ముందు చెప్పమని అడిగాననుకో, నాతో మాట్లాడుతూనే పక్క ఏజెన్సీకి ఫోన్ కలుపుతారు. నాకేమైనా సరదానా మనుషుల్ని గేటు దగ్గర నిలబెట్టడం? సాయంత్రం దాకా ఎంతమంది కావాలో నాకే తెలీదు!"

"అదీ, ఆ మాట కావాలి నాకు." కండక్టరమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "మీకు తెలీదు, వాళ్ళకి తెలీదు. తెలిసినవాడు గోదాములో ఏసీ కింద కూర్చుని చెప్పడు. చెప్పకపోతే వాడికి పోయేదేమీ లేదు కాబట్టి చెప్పడు. పోయేదంతా గేటు దగ్గర నిలబడ్డవాళ్ళది. చట్టం వచ్చిందనుకోండి, పక్క ఏజెన్సీ కూడా వారం ముందు చెప్పాల్సిందేగా? అప్పుడు మిమ్మల్ని వదిలి వాడెక్కడికి పోతాడు?"

లెక్క సరిపోయిందని బావగారి మొహమే చెప్పింది. వ్యాపారస్తుడికి ఆమాత్రం తెలియకపోదు. కానీ ఆయన తల అడ్డంగా ఊపారు.

"చట్టం వచ్చేదాకా? ముందు దిగినవాడే మునుగుతాడమ్మా. నేను మునిగితే ఈ పార్టీ ఆఫీసు అద్దె ఎవరు కడతారు? నీ జీపుకెవరు డీజిలు పోస్తారు? ఆ సంగతి ఆలోచించావా?"

"ఆలోచించాను. నడుస్తాను. బస్సులో నిలబడి నిలబడి నా కాళ్ళు గట్టివే."

"వేళాకోళం వద్దు." ఆయన గొంతు పెరిగింది. "రేపు సాయంత్రం పెద్దాయన వస్తున్నారు. పార్టీ అధినేత స్వయంగా మన ఊరు రావడం చిన్న విషయం కాదు. అచ్చువేసిన ప్రసంగం ఉంది, అది చదువు. ఈ 'వారం ముందు' గొడవ వేదిక మీద ఎత్తావా, ఇది పార్టీ మాట కాదని అక్కడే, ఆ మైకులోనే చెప్పేస్తాను. నామినేషన్లకి ఇంకా గడువుంది. అభ్యర్థిని మార్చడం నాకొక ఫోన్ పని." కొంచెం ఆగి, "నిన్ను పెంచినవాణ్ణి కాబట్టి ఇంత ఓపిగ్గా చెబుతున్నాను" అన్నారు.

ఆ చివరి మాట తగలవలసిన చోటే తగిలింది. ఈ ఇంటి మెట్ల మీద కూర్చుని ఎక్కాలు వల్లెవేసిన పిల్ల ఆమె. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీరు పెంచారు కాబట్టే ముందు మీకు చెప్పడానికి వచ్చాను బావగారూ. లేకపోతే వేదిక మీదే వినేవారు."

"చూడవే నీ చెల్లెల్ని" అన్నారు బావగారు భార్య వైపు తిరిగి. "నువ్వైనా చెప్పు."

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆదివారం మెసేజీ పంపేటప్పుడు టైము చూశాను" అంది. "సభ గుర్తొచ్చింది."

"గుర్తొస్తే నాకు చెప్పొద్దూ!" అన్నారు బావగారు.

"మీరు పంపమన్నారు, పంపాను. ఎప్పుడైనా నన్ను అడిగారా, పంపనా వద్దా అని?" అక్క కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ తెర వైపు తిరిగింది. ఆయన నీళ్ళ డబ్బా దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపుకున్నారు. తాగలేదు.

కండక్టరమ్మ మెట్లు దిగుతుంటే అక్క వెనకాలే వచ్చింది.

"రేపు నిజంగా అంటావా ఆ మాట?"

"అంటాను."

"ఆయన కూడా అన్నంత పనీ చేస్తారు."

"తెలుసు అక్కా. టికెట్ పోతే పోనీ. ఆ వీధికి వెళ్ళి మళ్ళీ పదివేల ఉద్యోగాలని నేను అరవలేను. నాకు సిగ్గేస్తోంది."

అక్క మెట్టు మీదే నిలబడింది. "మెసేజీలు పంపాక జవాబులు వస్తాయి, తెలుసా నీకు?" అంది. "'అమ్మకి ఒంట్లో బాగాలేదు సార్, ఇవ్వాళొక్కరోజు వదిలెయ్యండి సార్.' 'గేటు దాకా వచ్చి వెనక్కి పోతున్నాను సార్, రేపైనా పిలవండి సార్.' అన్నీ చదువుతాను. వాళ్ళందరూ నన్ను సార్ అంటారు." ఇంకేదో చెప్పబోయి, ఫోను మోగితే పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం సంగతికి వద్దాం. బావగారు ముందుజాగ్రత్తగా మైదానంలో కుర్చీలు తగ్గించి వేయించారు, పెద్దాయన ముందు పరువు పోకుండా. అయిదు కాకముందే కుర్చీలు నిండాయి. తర్వాత కుర్చీల వెనక నిండింది. తర్వాత మైదానం చుట్టూ గోడలు నిండాయి. గోదాముల వీధికి వీధే వచ్చింది. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని, తొందర లేకుండా నడిచి వచ్చింది. లోడింగు మనిషి బుగ్గలో దూది పెట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం పన్ను పీకించుకున్నాడట. నోరు తెరవలేడు గానీ మహా హుషారుగా ఉన్నాడు.

వేదిక కింద ప్యాకింగావిడ కండక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "నిన్ననే మెసేజీ వచ్చిందమ్మా! 'రేపు సాయంత్రం ఎవరికీ డ్యూటీ లేదు' అని. ఒక రోజు ముందు! నేను నమ్మక, ఎదురింటివాళ్ళది కూడా చూశాను. వాళ్ళకీ అదే. ఎవరు చెప్పారో గానీ కడుపు చల్లగుండాలి."

శాతాలబాబు పరుగున వచ్చాడు. "మేడమ్, ఇంత జనం ఎలా? మన అంచనాకి..."

"తర్వాత బాబూ."

వేదిక మీద బావగారి జేబులో ఫోను ఒకటే మోగుతోంది. గోదాముల దగ్గర సరుకు దింపే దిక్కు లేక లారీలు రోడ్డు మీదికి బారులు తీరాయని ఆయనకి అప్పటికే తెలుసు. సభకి ముందు పిలవొద్దన్నది ఆయనే. సాయంత్రమంతా ఎవరికీ డ్యూటీ లేదన్నది మాత్రం ఆయన కాదు. ఎవరన్నారో కూడా ఆయనకి తెలుసు. ముందు వరసలో కూర్చున్న భార్య వైపు ఓసారి చూసి తల తిప్పుకున్నారు.

కండక్టరమ్మని పిలిచారు. ఆమె అచ్చువేసిన ప్రసంగం తెరిచింది. "మన పార్టీ అధికారంలోకి వచ్చిన వెంటనే పదివేల..." దాకా చదివింది. ఎదురుగా జనం మర్యాదగా వింటున్నారు. ఆ మర్యాద ఆమెకి బాగా తెలుసు. ఆగని బస్సుని చూసేవాళ్ళు అలాగే చూస్తారు. కాగితం మడిచేసింది.

"రేపు డ్యూటీ ఉందా?" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఎక్కడో వెనక నుంచి ఎవరో "ఏమో!" అన్నారు. పక్కవాళ్ళు నవ్వారు. ఇంకో మూల నుంచి "ఏమో!" తర్వాత మైదానం మైదానమంతా "ఏమో!" అని ఒక్క గొంతుతో అరిచి, తమ అరుపుకి తామే పగలబడి నవ్వింది.

"ఇంతకాలం మీకు పని లేదనుకున్నాం మేం. ఎంత తెలివి చూడండి! మీకు పని ఉంది. రేపు లేదు. పెళ్ళికి వస్తానని చెప్పుకునే వీలు లేదు, పన్ను పీకించుకునే వీలు లేదు. అందుకే ఒక్కటే చెప్పడానికి వచ్చాను. నన్ను గెలిపిస్తే, డ్యూటీ వారం ముందు చెప్పాలని చట్టం తెచ్చేదాకా చట్టసభలో కూర్చోను. నిలబడే ఉంటాను, నాకు అలవాటే. పిలిచి గేటు దగ్గర్నుంచి తిప్పి పంపినవాడు సగం కూలి ఇచ్చి పంపాలి. మీ రేపు మీ చేతిలో ఉండాలి. ఇంతే నా ప్రసంగం."

చప్పట్లు కాదు, అది వేరే చప్పుడు. ఎవరో బిడ్డని భుజం మీదికి ఎత్తుకున్నారు. ఇంకెవరో కళ్ళు తుడుచుకున్నారు. రెండు ఎన్నికలుగా ఈ పార్టీ వినని చప్పుడు అది. శాతాలబాబు ల్యాప్‌టాప్ మూసి చప్పట్లు కొడుతున్నాడు.

పెద్దాయన బావగారి వైపు ఒరిగారు. "ఇది మన మాటేనా?" అని అడిగారు.

బావగారు లేచారు. చెప్పిన మాట తప్పే మనిషి కాదు. మరదలి చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఆమె పెనుగులాడలేదు, పక్కకి జరిగి నిలబడింది.

"మా అభ్యర్థి ఆవేశంలో ఒక మాట అన్నారు" అన్నారాయన. "అది పార్టీ మాట కాదు. అభ్యర్థి విషయం పార్టీ మళ్ళీ ఆలోచిస్తుంది."

మైదానం చల్లబడటం కళ్ళకి కనబడింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరసల్లో ఆడవాళ్ళు లేచి పిల్లల్ని చంకనేసుకున్నారు. ప్యాకింగావిడ కండక్టరమ్మ వంక చూసి, తప్పు నీది కాదులే అన్నట్టు తల ఊపి, వెనక్కి తిరిగింది. వాళ్ళకిది కొత్త కాదు. గేటు దాకా పిలిచి పొమ్మనడం రోజూ చూసేదే.

అప్పుడు అక్క వేదిక మెట్లు ఎక్కింది. కాపరానికి వచ్చిన నాటి నుంచి పార్టీ సభల్లో ఆమె ముందు వరస దాటి రాలేదు. నేరుగా భర్త దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వండి."

ఆయన ఇవ్వాలా వద్దా అని ఆలోచించే లోపే మైకు ఆమె చేతిలో ఉంది. అది ఒకసారి కీచుమంది. ఆమె బెదిరి కాస్త దూరం పెట్టుకుంది.

"మీ ఫోన్లకి డ్యూటీ మెసేజీలు పంపేది నేనే" అంది.

వెళ్ళిపోతున్నవాళ్ళు ఆగారు.

"వచ్చేవారం డ్యూటీలు ఇప్పుడే చెబుతున్నాను, వినండి. గోదాములవాళ్ళు ఏమన్నా సరే, ఇందులో మార్పు ఉండదు. మారిస్తే సగం కూలి మా ఏజెన్సీ ఇస్తుంది. సోమవారం పొద్దున పెద్దగోదాము, ప్యాకింగువాళ్ళందరూ. సోమవారం సాయంత్రం లోడింగు. మంగళవారం..."

ఎవరూ కూర్చోలేదు, ఎవరూ కదల్లేదు. ప్యాకింగావిడ వేళ్ళు మడుస్తూ, పెదవులు కదుపుతూ సోమవారాన్ని కంఠతా పడుతోంది. పెద్దాయన కళ్ళు చిన్నవి చేసుకుని ఆ మైదానాన్నీ, ఆ మనిషినీ మార్చి మార్చి చూస్తున్నారు. కండక్టరమ్మ అక్క పక్కకి వచ్చి నిలబడింది.

బావగారి ఫోను మళ్ళీ మోగింది. అక్క చేతిలోని మైకు ఆయన జేబుకి దగ్గరగా ఉండటంతో ఈసారి ఆ మోత మైదానమంతా వినబడింది. ఆయన ఫోను తీసి చూశారు. గోదాముల యజమాని.

అక్క చదవడం ఆపి, మైకుని ఆయన నోటి దగ్గర పెట్టింది.

"మాట్లాడండి" అంది. "ఏం చెబుతారో అందరం వింటాం."